వంద ఫిల్సుల బిళ్ళ

సల్మాబాద్‌ల శుక్రవారం పొద్దున
షట్టర్లన్నీ మూసుంటయి.
మాదొక్కటే నడుము దాకా లేసుంటది,
వంగి దూరాలె.

లోపల డెబ్బయిమూడు మోడల్ డాట్సన్.
సిత్రా తుక్కు దుకాణంల నూటపది దీనార్లు.
తెచ్చిననాడు సీటు కింద పావురం గూడు,
గుడ్డు పెంకులు, ఎవరో పిల్లగాని ఒంటి చెప్పు.
డోరు పట్టి గుంజితే డోరే చేతికొచ్చింది.
మూసా నవ్విండు:
"తెరుసుకున్నది గద, ఇగ లోపలికి పోదాం."

మూసాది ఈ ఊరే, షెడ్డు వాళ్ళ మేనమామది.
పింటో మంగళూరాయన, లేతు మీద బతికేటోడు.
నేను సిరిసిల్లల పదకొండేండ్లు మరమగ్గాలు నడిపి
ఇక్కడ సోఫాలు కుడుతున్న.
బండి ముగ్గురిదీ. కాగితం మీద మూసాది.

అమ్ముకుందామని చేస్తలేం.
ఇంటికి పంపంగ మిగిలిన పైసలు
ఒక నెల వాల్వు సీళ్ళయితయి,
ఒక నెల పావు డబ్బా ప్రైమరు.
రూముల సదానందం అడుగుతనే ఉంటడు,
"గా పైసలకు తులం బంగారం రాకపోయేదా?"
ఎందుకు రాకపోయేది, వచ్చేది.
బంగారాన్ని విప్పి మళ్ళ బిగించలేం గద.

సీట్లు నేనే కుట్టిన.
నల్ల రెగ్జిను, పండుమిరప రంగు దారం.
పాత కవరు విప్పి కుట్టు తొర్రలు లెక్కబెట్టి
అదే ఎడం, అంగుళానికి ఆరు.
జపాన్‌ల ఎవరు కుట్టిండ్రో,
కొస ముడి తిరిగిన తీరు చూస్తే
ఎడమచేతి వాటం మనిషి.
రెండు రోజులు ఆ మనిషి గురించే ఆలోచించిన.

ఇంజను కాడికొస్తే మాత్రం నాది ఒక్కటే చెవి.
ఎడమది సిరిసిల్లల్నే ఉండిపోయింది,
ఇరవైనాలుగు మగ్గాల నడుమ.

కార్బురేటర్లు రెండు పెట్టినం,
రెండూ ఒక్క తీరుగ ఊపిరి పీల్చాలె.
పింటో రబ్బరు పైపు ఒక కొస తన చెవుల,
ఇంకో కొస దాని నోట్ల పెట్టి
డాక్టరు లెక్క కండ్లు మూస్తడు.
"ఇది ఉస్సు, అది బుస్సు" అంటడు.
స్క్రూ పావు తిప్పుతడు. మళ్ళ బుస్సు.
మూడు శుక్రవారాలు గట్లనే పోయినయి.
మూసా విసిగి చాయ్ తేనీకి పోయిండు.

నేను వాల్వు కవరు మీద అరచెయ్యి ఆనిచ్చిన.
మగ్గం మీద గిట్లనే ఆనిద్దుము.
నాడె అటు పోయి ఇటు సక్కగ రాకపోతే
చెవి కన్న ముందు చెయ్యికే ఎరుకైతది.
ఒకటి, మూడు, నాలుగు...
రెండు కాడ పోగు తెగినట్టు సందు.
"స్క్రూ గాదు పింటో, రెండో దాని అడుగున గాలి."
సబ్బునీళ్ళు చల్లితే సుయ్యిమని లోపలికి గుంజుకున్నది.
గాస్కెట్ల వెంట్రుక మందం పగులు.
సోఫాల కత్తెరతోనే కొత్తది కత్తిరించిన.

మళ్ళ స్టార్టు చేసినంక
మూసా జేబుల నుంచి వంద ఫిల్సుల బిళ్ళ తీసి
నడుస్తున్న ఇంజను మీద నిలువుగ నిలబెట్టిండు.
పడకపోతే పని అయినట్టు లెక్క.
నిలబడ్డది.
చాయ్ సల్లారుతున్నది, ఎవ్వరం ముడుతలేం.
మూసా అరబ్బీల పదమూడు దాకా లెక్కబెట్టిండు.
పింటో పట్టలేక ఆక్సిలరేటర్ తీగ గుంజిండు,
బిళ్ళ ఎగిరింది, యాడనో పడ్డది.
టార్చి కొట్టినం, కిందికి దూరి చూసినం,
పుల్లకు అయస్కాంతం కట్టి మూసా తిప్పిండు.
"అది ఇనుమా అంటుకోనీకి!" అని పింటో.
దొరకలే.

ఇప్పుడు రాత్రిపూట సముద్రం పక్క రోడ్డుల
మనామా దీపాల దిక్కు పోతుంటే
మలుపు మలుపుకు లోపల్నుంచి
టింగ్ మంటదట.
నాకైతే ఇనబడదు.
"వచ్చే శుక్రవారం విప్పుదామా?" అంటడు పింటో.
మూసా గేరు మారుస్తడు, జవాబియ్యడు.
నేను డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెడత.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.